చుక్క మిగలని కప్పు

వార్డులో అందరూ టైలరుగారని పిలిచే ఆ పెద్దమనిషి అబద్ధమాడడు. కడుపు ఆపరేషనైన ఆయన భార్యకు నర్సమ్మ పూటపూటా ప్రోటీన్ పొడి కలిపిన కప్పు ఇచ్చి వెళ్తుంది. ఆవిడకు ఆ వాసనే గిట్టదు. నర్సమ్మ అటు తిరగ్గానే కప్పు ఆయన చేతిలోకి వస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని గటగటా తాగేసి, మీసం తుడుచుకుని బుద్ధిగా కూర్చుంటాడు. "తాగేశారా?" అని నర్సమ్మ అడిగితే, "చుక్క మిగల్లేదమ్మా" అంటాడు. అది నిజమే కదా! ఆవిడ చిక్కి సగమైంది. ఆయన తన చేత్తో కుట్టుకున్న చొక్కాకే గుండీలు పట్టడం మానేశాయి.

ఒకరోజు డాక్టరు, "బరువు ఇలా తగ్గిపోతుంటే గాయం మానదు" అని చెప్పి వెళ్ళాడు. ఆ పూట భార్య కప్పు చాపితే, ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నావల్ల కాదే. నా చొక్కా వదులు చేద్దామంటే కుట్ల లోపల మిగులు గుడ్డ లేదు. నీ బట్టలు చూస్తే వేలాడుతున్నాయి. వాటిని బిగించి కుట్టడానికి నాకు చేతులు రావు."

ఆవిడ ముక్కు మూసుకుని కప్పంతా తాగింది. ఒళ్ళు జలదరించింది.

"ఇంత దిక్కుమాలినదాన్ని ఇన్నాళ్ళూ ఎలా తాగారండీ?"

"పెళ్ళయిన కొత్తలో నీ కాఫీతో అలవాటైందిలే" అన్నాడు టైలరుగారు, ఆవిడ మూతి తుడుస్తూ.