నాలుగు బాకాలకి ఒక భజన

మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎవరూ పిలవకపోయినా మూడో అంతస్తులో కాసేపు ఆగుతుంది. దీని మీద అసోసియేషన్‌కి మూడుసార్లు రాశాను. చక్కగానే రాశాను. రాయడం వచ్చుననే నమ్మకం నాకు మొదటినుంచీ కొంచెం ఎక్కువ.

ఆ నమ్మకంతోనే, శ్రీరామనవమి ఊరేగింపుకి మా బృందం పాడే భజనని బ్యాండు మేళానికి తగ్గట్టు నేనే రాసిస్తానన్నాను. బళేపేట నుంచి వచ్చే ఆ మేళంలో ఊదేవాళ్ళు నలుగురు: రెండు ట్రంపెట్లు, రెండు పెద్ద బాకాలు. భజనలో ఒకరు చరణం ఎత్తుకుంటారు. అది ముగిసీ ముగియకముందే ఇరవైమందిమీ దాన్ని తిరిగి అందుకుంటాం. ఈ రెండూ కలిపి మొదటి ట్రంపెట్‌కే ఇచ్చేశాను. కంప్యూటర్‌లో వాయించి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. సరిగమల కాగితమూ, ఆ రికార్డింగూ వాట్సాప్‌లో పంపాను.

ఆదివారం పొద్దున బేస్‌మెంట్ పార్కింగులో రిహార్సల్. మొదటి ట్రంపెట్ మేళం పెద్దాయనది. కుచ్చు టోపీ పెట్టుకుని అందరికన్నా ముందు నడిచే హక్కూ ఆయనదే. రెండో చరణం సగంలో ఆయన స్వరం తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే.

"మీ వయసెంత అన్నా?" అన్నాను, మా బృందమంతా చుట్టూ నిలబడి ఉండగా. పరామర్శలా వినిపించేలాగే అన్నాను. ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. "ఈసారికి ముందు ఇంకొకర్ని పెడదాం లెండి."

ఆయన టోపీ తీసి, లోపలి చెమట తుడిచి, రెండో ట్రంపెట్ అతనికిచ్చాడు.

అతనికి ముప్ఫై ఉంటాయేమో. సరిగ్గా అదే చోట ఆగిపోయాడు. ముఖం వంకాయరంగుకి తిరిగింది.

"ఊపిరి తీసుకునేకి జాగా యాడుండాది సార్ ఇందులో?" అన్నాడు రొప్పుతూ.

కాగితం తీసుకుని చూశాను. ఎక్కడా లేదు. మేం అందుకున్నప్పుడే కదా, ముందు పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేది! ఐదేళ్ళుగా ఆ గుంపులో పాడుతూ నేను గమనించనిది అదొక్కటే. కంప్యూటర్‌కి ఆ అవసరం లేదు కాబట్టి అదీ చెప్పలేదు.

"చిన్న సవరణ," అని, తిరిగి అందుకునే వరసలన్నీ మొదటి ట్రంపెట్‌కి కొట్టేసి రెండోదానికి రాశాను. టోపీ అడిగి తీసుకుని, పెద్దాయనకి రెండు చేతులా అందించాను. మావాళ్ళంతా శ్రద్ధగా కార్ల నంబర్లు చదువుకుంటున్నారు.

ఆయన టోపీ అందుకోలేదు.

"రాసేటప్పుడు నువ్వు ఒక్కసారన్నా పాడుకొని చూసింటే, ఇంతమంది ముందర నా వయసు అడిగే పనే ఉండేది కాదు గదప్పా."