గిర్దావరు ఇల్లు చూసిపోయిన రోజు

నా కాలేజీ చదువు ఒక పోస్టుకార్డు వల్ల పోయింది. ఆ కార్డు రాసింది నేనే. ఇంకొకరిని తిట్టుకుందామన్నా వీల్లేకుండా నా చేత్తో నేనే రాసుకున్నాను.

అప్పుడు నేను కరీంనగర్‌లో పీయూసీ చదువుతున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయి ఉంటుంది. మా ఊరు అక్కడికి బస్సులో రెండు గంటల దూరం. ఊళ్లో సగం ఇళ్లలో గుంటమగ్గాలే. మా నాన్న, మా బాపు, షావుకారు దగ్గర నూలు తెచ్చి, చీరలు నేసి, ఆయనకే అప్పజెప్పి కూలి తీసుకునేవాడు. మా వాడలో మెట్రిక్ దాటినవాణ్ని నేనొక్కణ్నే. హాస్టల్లో నాకు తిండి పెడుతున్నది స్కాలర్‌షిప్ వస్తుందన్న నమ్మకం మీద. అది వస్తే మా తిండి ఖర్చు అందులో పట్టుకుంటారు, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ మాట మేము చేరిన రోజే వార్డెను మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు.

దరఖాస్తు పెట్టుకున్నాక తహశీలు కచేరీ నుంచి గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇంటికి వస్తాడు. ఈ ఇల్లు నిజంగా బీదదేనా అని చూసి రాసుకుపోతాడు. ఆ సంగతి ఇంటికి తెలపాలని కార్డు ముందేసుకుని కూర్చున్నాను. బాపుకు చదువు రాదు. అటువంటివాళ్ల కార్డులు మా ఊళ్లో కిరాణా దుకాణం ముందు చదివేవారు. దుకాణదారు గొంతెత్తి, సాగదీసి చదివేవాడు. బీడీల కోసం వచ్చినవాళ్లు, ఉప్పు కోసం వచ్చిన ఆడవాళ్లు నిలబడి విని, ఆపైన తలా ఒక సలహా ఇచ్చి పోయేవాళ్లు. "మేము బీదవాళ్లమని చెప్పు బాపూ" అని నేను రాస్తే, అది ఆ గొంతుతో ఆ జనం మధ్య వినిపిస్తుంది. నాకప్పుడు పదిహేడేళ్లు. కొత్తగా ప్యాంటు తొడుగుతున్న రోజులు. రాయలేకపోయాను. "నా చదువు గురించి ఒక ఆఫీసరు మన ఇల్లు చూడటానికి వస్తాడు. మర్యాద చేయండి. మంచిగా మాట్లాడండి" అని రాసి డబ్బాలో వేశాను. పెద్ద తెలివైన పని చేసినట్టు ఈల వేసుకుంటూ హాస్టలుకు తిరిగొచ్చాను కూడా.

మావాళ్లలో ఇల్లు చూడటానికి రావడమంటే ఒక్కటే, సంబంధం కలుపుకునేవాళ్లు రావడం. వాళ్ల ముందు ఇల్లు నిండుగా కనిపించాలి. లేనివి నాలుగిళ్ల నుంచి తెచ్చి పెట్టుకుంటారు. వచ్చినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాళ్లింట్లోనూ అదే జరిగి ఉంటుంది కాబట్టి పైకి ఏమీ అనరు. బాపు నా కార్డును ఆ లెక్కనే విన్నాడు. కొడుకును కాలేజీలో ఉంచే తాహతు ఈ ఇంటికి ఉందా అని సర్కారు చూడవస్తున్నది, ఉందని చూపించాలి అనుకున్నాడు.

ఆ రోజు జరిగిందంతా నేను ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ చెప్పింది. అమ్మను మేం అవ్వ అంటాం. గోడలకు ఎర్రమన్ను పూసి, వాకిట్లో ముగ్గు పెట్టిందట. షావుకారు ఇంటి నుంచి రెండు కుర్చీలు, పింగాణీ కప్పులు వచ్చాయట. ఆయనకు అప్పజెప్పాల్సిన చీరల్ని ఒక రోజు ఆపి, మా సొంతవన్నట్టు దండెం నిండా వేశారట. మాకూ పక్కింటికీ మధ్య గోడ నడుం ఎత్తే ఉండేది. అవతలి మగ్గం ఇటు కనిపిస్తుంది. బాపు దాన్ని కూడా వేలు పెట్టి చూపించాడు.

"గది గూడ మాదే సాబ్. రెండు మగ్గాలు నడుస్తయి."

పక్కింటాయన మా కోసం, తన మగ్గం మీద తానే కూలివాడైనట్టు తల వంచుకుని నేశాడట.

గిర్దావరు చెడ్డవాడేం కాదు. రెండుసార్లు చాయ్ తాగి, లేవబోతూ, "పిలగాన్ని సదివిచ్చుడు మీకు కష్టం గాదా?" అని తనే అడిగాడట. ఆ ఒక్క ప్రశ్న దగ్గర బాపు నోరు పెగలకుండా ఉంటే ఎంత బాగుండేది.

"కష్టమేంది సాబ్, మాకేం తక్కువ? వాడు ఎంత సదివితే అంత సదివిస్త. ఫికర్ లేదు" అన్నాడు బాపు.

నోటీసు బోర్డు మీద జాబితా అంటించిన రోజు దాన్ని మూడుసార్లు చదివాను. నా పేరు లేదు. కాలేజీ గుమాస్తా దగ్గరికి వెళితే ఫైలు తీసి చూశాడు.

"రెండు మగ్గాలు, కలిగిన కుటుంబమని రాసిన్రు. కలిగినోల్లకు సర్కారు ఎందుకిస్తది?"

"మాకు ఒక్కటే మగ్గం సార్."

"అయితే మీ బాపును తోల్కరా. కచేరీల నిలవడి, తను జెప్పింది అబద్ధమని రాసియ్యాలె. అప్పుడు మల్ల విచారణ జేస్తరు."

అంటే దారి ఉంది. బాపును తీసుకురావాలని ఆ వారమే ఊరికి వెళ్లాను. బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే బాపు మగ్గం ఆపాడు.

"ఆఫీసర్ సాబ్ ఏమన్నడు కొడుకా? మన ఇల్లు నచ్చిందా?"

ఆయన ముఖం చూశాను. "నచ్చింది బాపూ" అన్నాను. అప్పుడే అవ్వ మురిసిపోతూ కుర్చీల సంగతి, కప్పుల సంగతి చెప్పుకొచ్చింది. ఆ మనిషిని కచేరీకి తీసుకుపోయి, చప్రాసీల మధ్య చేతులు కట్టుకుని "నేను అబద్ధమాడిన" అనిపించాలా? నావల్ల కాలేదు. అది ప్రేమేనని చాలా ఏళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను. నిజానికి అందులో సగం పిరికితనం. కచేరీ దాకా పోతే నా కార్డు సంగతి కూడా బయటపడుతుంది. మంచిగా మాట్లాడమన్నది ఎవరు?

నెల తిరక్కుండానే హాస్టలు వదిలాను. పెట్టెతో ఇంటికొచ్చి, "సదువు ఎక్కుతలేదు బాపూ, నాతోని కాదు" అన్నాను. బాపు నాతో మాట్లాడటం మానేశాడు. ఏ పూట కాపూట నేను మగ్గం గుంటలో దిగుతుంటే అటు తిరిగి నూలు కండెలు సర్దుకునేవాడు. దుకాణం ముందు వాళ్లకు మాత్రం మంచి కాలక్షేపం దొరికింది. "ఏం పట్నం దొరా, ప్యాంటు ఇడిసి గుంటల దిగినవా?" అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. లోపల ఏడుపొచ్చేది.

మరుసటి ఎండాకాలం బాపు సన్న నూలు కొని తెచ్చి, తీరిక దొరికినప్పుడల్లా ఒక ధోవతి నేశాడు. ఎవరికని అడిగితే చెప్పలేదు. కాలేజీలు తెరిచే రోజుల్లో ఒక పొద్దున దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. కాలేజీ పెద్దసారుకు అది ఇచ్చి, మొద్దు పిల్లవాడైనా సరే మళ్లీ తీసుకొమ్మని కాళ్లు పట్టుకోవడానికి పోయాడని అవ్వ చెప్పింది. అక్కడ ఆ గుమాస్తా ఉన్నాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. ధోవతి సంచిలోనే ఉంది. దాన్ని అవ్వ చేతికిచ్చి, కాళ్లు కడుక్కుని, మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను చెయ్యి ఆపాను.

"ఆపకు బిడ్డా" అన్నాడు. ఎన్నో నెలల తరవాత నాతో అన్న మొదటి మాట అది.

నేను మళ్లీ నేయడం మొదలుపెట్టాక, "గా గుమాస్తా కాయితం సదివి జెప్పిండు" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. తప్పు నీది కాదు బాపూ, నేను సిగ్గుపడి సగమే రాశాను అని చెప్పాల్సింది. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పోగు తెగింది. ముడి వేయడానికి వంగాను. ఒక్క పోగు ముడి వేయడానికి ఎంతసేపు పడుతుంది? నేను చాలాసేపు వంగే ఉన్నాను. తలెత్తేసరికి బాపు లేచి వెళ్లిపోయాడు.

వానలు తగ్గాక మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకతను గోడ మీద గదుల లెక్క రాయడానికి సుద్దముక్క తీసి, "ఎన్ని అర్రలే పెద్దమనిషి?" అని అడిగాడు. బాపు లేచి నిలబడి చేతులు జోడించాడు.

"మాకేం లేదు సాబ్. ఒక్కటే మగ్గం. గా అవతలిది మాది గాదు. మేం బీదోల్లం."

"మందు గొట్టేటోన్ని. నాకెందుకే గియన్ని?" అని అతను నవ్వాడు.

ఆ తరవాత జనాభా లెక్కలకు వచ్చినవాళ్లకు, ఓట్లు అడగవచ్చినవాళ్లకు, చివరికి దారి అడిగిన కొత్త మనిషికి కూడా బాపు ఆ మాటే చెప్పాడు. అడగక ముందే లేచి నిలబడేవాడు. అవ్వ ఎంత ఆపినా వినేవాడు కాదు.

నాకు పిల్లనిచ్చేవాళ్లు ఒకరోజు ఇల్లు చూడవచ్చారు. షావుకారు కుర్చీలు పంపిస్తానంటే బాపు వద్దన్నాడు. వాళ్లను చాప మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. "గా అవతలి మగ్గం మాది గాదు" అన్నాడు. వాళ్లు చాయ్ రాకముందే లేచి చెప్పులేసుకున్నారు. నేను మగ్గం గుంటలో కూర్చుని అంతా విన్నాను. చెయ్యి ఆపలేదు.