బాపు కొరికిన దారం

2013లో మా గల్లీకి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చినప్పుడు మొత్తం శంషాబాద్‌లో నా అంత సంబరపడ్డవాళ్లు ఇంకొకరు ఉండి ఉండరు. అప్పటికి మూడేళ్లుగా నేను ఇంట్లోనే కూర్చొని, అమెరికా డాక్టర్లు చెప్పింది హెడ్‌ఫోన్లలో విని టైపు చేసే పని చేస్తున్నాను. ఎవరి కడుపు కోశారు, ఎవరి గుండె ఎప్పుడు ఆగింది, అన్నీ రాసి గడువులోగా పంపాలి. మాకున్న పాత నెట్టు టెలిఫోన్ తీగ మీద వచ్చేది. నాలుగు చినుకులు పడితే అది పోయేది. రెండుసార్లు ఫైళ్లు ఆలస్యమయ్యాయి. మూడోసారి అయితే ఇక పని ఉండదని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు. విమానాశ్రయం కింద మా పొలం చాలావరకు పోయాక ఇంటికి ఆధారం నా నౌకరీ ఒక్కటే. అందుకే ఆలోచించకుండా పాత కనెక్షన్ తీయించేసి ఫైబర్ పెట్టించాను.

తీగ వేయడానికి మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన ఆయన పని తెలిసిన మనిషి. నల్లటి తీగను ఎదురింటి డాబా మీంచి గల్లీ దాటించి మా కిటికీలోకి తెచ్చాడు. తొక్క ఒలిచి లోపలి పోగును నాకు చూపించాడు.

"అక్కా, ఇది గాజు. వెంట్రుక కన్న సన్నగుంటది. ముక్క ఇరిగి ఒంట్లకు దిగిందంటే కనవడది, తియ్యరాదు. తెగితే మీరు ముట్టకుండ్రి, నాకు ఫోన్ చెయ్యిండ్రి," అన్నాడు. కింద రాలిన ముక్కలను టేపుకు అంటించి, ఒక డబ్బాలో వేసుకొని మరీ పోయాడు.

నేను తల ఊపాను. నాన్నను మేం బాపు అంటాం. ఆ మాట ఆయన చెవిన వేయాలని నాకు తోచలేదు. నెట్టుతో ఆయనకేం పనిలే అనుకున్నాను. చదువుకున్న పొగరు అంటే అదే.

మిగిలిన అర ఎకరంలో మాకొక బోరు ఉంది. ఎలుకలు మోటారు తీగ కొరికినా, పారకు తగిలి తెగినా, బాపే అతికించుకుంటాడు. కత్తి కోసమో ప్లయర్ కోసమో వెతికే ఓపిక ఆయనకు లేదు. తీగను ముందు పళ్ల మధ్య పెట్టి తొక్క లాగేస్తాడు, రాగి పోగులు మెలేసి టేపు చుడతాడు. మా దగ్గర బోరు ఉన్న మగవాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న పనే కాబట్టి నాకెప్పుడూ అది వింతగా కనబడలేదు.

కొత్త కనెక్షన్ వచ్చి నెల తిరగకముందే, ఒక పొద్దున ఇసుక టిప్పర్ గల్లీలోకి వచ్చి తీగను తెంపుకొని పోయింది. నెట్టు పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. గంటలో వెళ్లాల్సిన ఫైలు నా ముందే ఉంది. తీగాయనకు ఫోన్ చేస్తే రాజేంద్రనగర్‌లో ఉన్నాననీ, మధ్యాహ్నానికి గానీ రాలేననీ అన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలాను, ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను.

"ఈ ఇంట్ల నా పని ఎవ్వరికి పట్టది! ఇగ నౌకరి పోయినట్టే!"

బాపు గడపలో నిలబడి అంతా విన్నాడు. టేపు చుట్ట తీసుకొని బయటికి పోయాడు.

అరగంట తర్వాత చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "అతికిచ్చిన బిడ్డా. జర చూడు, వచ్చిందేమో."

లైటు ఎర్రగానే ఉంది. "ఎట్ల అతికిచ్చినవ్ బాపు?"

"తొక్క తీసిన. లోపల రెండు ఇనుప తీగలున్నయ్, అవ్వి మెలేసిన. నడుమ దారం లెక్క ఏందో ఉండె. అడ్డమొస్తున్నదని కొరికి ఉమ్మేసిన."

నేను హెడ్‌ఫోన్లు పక్కన పడేసి లేచాను.

"ఉమ్మేసినవా, మింగినవా?"

"ఏమో బిడ్డా. గదెవడు చూసిండు?"

వాకిట్లోకి లాక్కెళ్లి నోరు తెరవమన్నాను. టార్చి వేసి చూస్తే నాలుక, అరిగిన పళ్లు తప్ప ఏమీ కనబడలేదు. మామూలు మనిషికైతే అంతటితో ధైర్యం వచ్చేదేమో. మూడేళ్లు ఆ రిపోర్టులు టైపు చేసినదాన్ని, నాకు పేగుకు రంధ్రం పడితే ఏమవుతుందో వరుసగా తెలుసు. మొదటి రోజు ఏమీ ఉండదని కూడా తెలుసు.

స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకొని దవాఖానకు బయలుదేరాను. దారి పొడవునా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాను. మాట ఆగితే నాకు ఊపిరి ఆగేది.

అక్కడి డాక్టరు పెద్ద లైటు పెట్టి చూసి, పెదవి లోపలి నుంచి పట్టకారుతో మెరుస్తున్న సన్నటి గాజు ముక్క ఒకటి లాగాడు. నాకు చూపించాడు. అప్పటిదాకా అది నా అనుమానమే. ఇప్పుడు కళ్లముందు ఉంది.

"ఇంత సన్నటిది ఎక్స్‌రేలో కనబడదమ్మా," అని, బాపు వైపు తిరిగాడు. "గొంతులో గుచ్చుకుంటున్నట్టు ఏమైనా ఉందా? మింగితే నొప్పి ఉందా?"

"ఏం లేదు సార్. మంచిగనే ఉన్న."

"ఉంటే మాత్రం అడ్మిట్ చేసుకొని, కెమెరా గొట్టం వేసి చూడాలి. లేదంటున్నారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లండి. మూడు రోజులు కనిపెట్టి ఉండండి. కడుపులో నొప్పి వచ్చినా, రక్తం పడినా వెంటనే తీసుకురండి."

ఇంటికి వచ్చేసరికి తీగాయన గల్లీలో వంగి ఏదో ఏరుతున్నాడు. సంగతి విని ఆయన ముఖం మారిపోయింది. "ముక్కలన్ని దొరికినయా అన్నా?" అని అడిగాను. "ఎట్ల తెలుస్తది అక్కా, ఎన్ని ఇరిగినయో ఎవలకెరుక," అన్నాడు. చిన్న మిషన్ పెట్టి గాజును అతికించాడు. లైటు పచ్చగా మారింది. దవాఖాన మాట విని ఆఫీసువాళ్లు ఆ ఒక్కసారికి ఊరుకున్నారు. నౌకరీ దక్కిందన్న సంతోషం నాకు కొంచెం కూడా కలగలేదు.

మూడు రోజులు ఆయన్ని కనిపెట్టుకొని ఉన్నాను. గుటక వేస్తే చూశాను, దగ్గితే పరుగెత్తాను. దొడ్డికి పోయి వస్తే ఎదురెళ్లి రక్తం పడిందా అని అడిగాను. పాపం, బిడ్డ నోటి నుంచి ఆ మాట విని సిగ్గుతో చచ్చిపోయేవాడు. హెడ్‌ఫోన్లలో డాక్టరు పేగు అనే మాట అంటే నా వేళ్లు ఆగిపోయేవి. చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పకుండా మనిషిని చంపుకుంటున్నానా అని పదేపదే అనుకున్నాను.

నాలుగో రోజు బాపు జొన్నరొట్టె అడిగాడు. ఎల్లిపాయ కారం అద్దుకొని సగం తిన్నాడు. "మూడొద్దుల సంది పెరుగన్నమే తింటివి, ఇయ్యాల నోరు లేసింది," అని అమ్మ సంబరపడింది.

బాపు నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "నిన్నటిదాక గొంతుల ముల్లు దిగినట్టే ఉండె బిడ్డా. గుటక వడకపోతుండె. ఇప్పుడు పోయింది."

"డాక్టరు అడిగితే ఏం లేదంటివి గద!"

"ఉన్నదంటే ఆడ్నే పండవెడుతుండ్రి. నువ్వు నా మంచం కాడ కూసుంటుంటివి. నీ నౌకరి పోతుండె."

రొట్టె విరుచుకొని మళ్లీ తినసాగాడు. నేను గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. అప్పటి నుంచి బాపు ఎప్పుడు "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అన్నా నాకు భయమేస్తుంది.