హాజరు చేతులు

చదువరీ, చివరిసారి సభలో చెయ్యెత్తినప్పుడు, దేనికి ఎత్తుతున్నారో మీకు నిజంగా తెలుసా?

మావాళ్లు సముద్రం దాటి కూలికి వచ్చిన దీవిలో, సుయాక్ ఊరి దగ్గరి చెరకు తోటలో, మా తెలుగు కూలీల కాంపులో పెద్దల తీర్పులు చాలించాలనీ, ఇకపై పదిమంది మాటే నెగ్గాలనీ వాదించినవాణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు.

మొదటి ఓటు ఒక వితంతువు బడి గురించి వచ్చింది. ఆమెను అందరం పిన్ని అనేవాళ్లం. పగలంతా పొలంలో పనిచేసి, సాయంత్రం భజన గుడిసెలో ఆడపిల్లల చేత ఇసుకలో తెలుగు అక్షరాలు దిద్దించేది. విధవ నేర్పిన అక్షరం ఇంటికి అరిష్టమని మా కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు పట్టుబట్టాడు. నేను నవ్వాను. కాంపులో సగం ఇళ్ల పిల్లలు ఆమె దగ్గరే చదువుతున్నారు. ఓటు పెట్టమన్నాను.

ఆదివారం అందరూ గుడిసె ముందు కూర్చున్నారు. సర్దారు లేచి, "బడి మూసెయ్యాలనేవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు.

అన్ని చేతులూ లేచాయి. బడికి పిల్లల్ని పంపే తల్లులవీ లేచాయి. ముందు వరుసలో పిన్ని చెయ్యి కూడా లేచింది!

సర్దారు పకపకా నవ్వి, "చూశావా తమ్ముడూ, నీ పదిమందిని!" అన్నాడు.

ఆమె దగ్గరికి పరుగెత్తాను. "పిన్నీ, నీ బడి మూయడానికి నువ్వే చెయ్యెత్తావా?"

"ఎత్తకపోతే ఎట్టా నాయనా? సర్దారు ఎత్తమన్నాడు గదా. లాపెల్లో ఎత్తకపోతే రాలేదని రాసేస్తాడు."

"ఇది లాపెల్ కాదు పిన్నీ!"

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

లాపెల్ అంటే పొద్దున్నే పనిలోకి దిగే ముందు తోటలో తీసుకునే హాజరు. వాళ్ల బతుకంతా చెయ్యెత్తడమంటే 'నేనున్నాను' అనడమే. 'నాకిది సమ్మతం' అనడానికీ అదే సైగ అని వాళ్లకు ఎవరు చెప్పారు? పదిమంది మాట గొప్పదని నెలల తరబడి ఉపన్యాసాలిచ్చాను గానీ, ఓటంటే ఏమిటో ఒక్క సాయంత్రం కూర్చుని చెప్పలేదు.

మళ్లీ ఓటు పెట్టమన్నాను. "పదిమంది తేల్చాక ఎవరూ కాదనగూడదన్నది నువ్వే గదా?" అన్నాడు సర్దారు. నిజమే, ఆ మాట నాదే. సాయంత్రానికి గుడిసెలో ఇసుక ఊడ్చి పారబోశారు.

ఒక్కడికి తెలియకపోతే అది అజ్ఞానం. నూరుమందికి తెలియకపోతే అదే న్యాయమైపోతుందా? పోనీ, పెద్దల తీర్పే మేలందామా అంటే, ఆ పెద్దల్లో మొదటివాడు ఈ సర్దారే!

రేపు మీ సంఘంలోనూ ఓటు పెడతారు. చేతులు లేవకముందే మీరు లేవండి. దేనికి ఎత్తబోతున్నావని పక్కవాణ్ణి అడగండి. అతను చెప్పలేకపోతే ఆ ఓటు ఆపించండి. కూర్చుని, అతనికి అర్థమయ్యేదాకా చెప్పండి.