అచ్చు కొస

రాజామణి ఆంటీ పుట్టి బుద్ధెరిగి మగ్గం చూడలేదు. పుట్టింది మలేసియా రబ్బరు తోటలో. పెళ్ళయ్యాక బతుకంతా సింగపూర్‌లో, బుకిట్ బటోక్ ఫ్లాట్ల కింద కుట్టుమిషను ముందు. అయినా ఆవిడ నోరు విప్పితే మా చీరాల నేత వీధే వినపడేది. ప్యాంటు గుడ్డ వెలుతురుకు పట్టి "పడుగు మంచిదే, పేకే మోసం సేసినాది" అనేది. కూతురు యోగేశ్వరి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే "ఆసు పోసినట్టు ఏటే ఆ తిరుగుడు?" అని కసిరేది. "అలాంటి వర్డే లేదు లా, మా!" అనేది ఆ పిల్ల సింగపూర్ యాసలో.

ఆ మాటలన్నీ ఆంటీకి వాళ్ళ అవ్వ దగ్గర అబ్బినవి. శ్రీకాకుళం వైపు నేతపని మానుకుని, ఓడెక్కి వచ్చి, తోటలో రబ్బరు పాలు తీసిన మనిషి ఆమె. మగ్గం అక్కడే ఉండిపోయింది, మాటలు మాత్రం వెంట వచ్చాయి.

నేను తొంభైతొమ్మిదిలో వైటూకే పని మీద సింగపూర్ వచ్చాను. చేతిలో ల్యాప్‌టాప్, బుర్ర నిండా గీర. "మా నాన్నగారిది టెక్స్‌టైల్ బిజినెస్" అని ఆఫీసులో కోసేవాణ్ణి. ఆ బిజినెస్ ఏమిటంటే రెండు గుంట మగ్గాలూ, పోగులు అతికి అతికి అరిగిపోయిన మా అమ్మ వేళ్ళూను.

ఒక ఆదివారం మా ఆఫీసు గంగాధర్‌తో కలిసి ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళ్ళాను. ఆంటీ టేపు మెడలో వేసుకుని అడిగింది.

"తంబీ, నువ్వు ఆ దేశపోడివి గదా. అచ్చు కొస అంటే ఏటి?"

ముప్పై ఏళ్ళ కిందట, అవ్వకు నచ్చని గోవిందును చేసుకుని ఆంటీ ఇల్లు వదిలిందట. గుమ్మంలో అవ్వ ఒక్క మాటే అన్నదట: "కోసుకుని పోవే. అచ్చు కొస నా కాడే ఉంటాది."

తెంచుకుని పొమ్మందనుకుంది ఆంటీ. తక్కిన సగం శాపమనుకుంది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"అవ్వ ఇంకా ఉన్నాది తంబీ. తొంబై దాటినాది. శపించిన మనిషి కాడికి ఏ మొకం ఎట్టుకుని పోయేది?"

మా వీధిలో పలక పట్టని పిల్లలకు కూడా తెలిసిన సంగతి. నేసిన గుడ్డను కోసుకునేటప్పుడు దారాల కొసలను మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక పోగు పోగునూ ఆ కొసలకే అతుకుతారు. వెళ్ళు, ఎప్పుడొచ్చినా అతుక్కుందాం అంది ఆ ముసలమ్మ.

గంగాధర్ నా వంకే చూస్తున్నాడు.

"నాకేం తెలుసు ఆంటీ! ఏదో నేతోళ్ళ మాటయ్యుంటుంది" అన్నాను.

ఐదు నెలలు ఆ పక్కకు పోలేదు. తప్పు చేశానని మొదటి రోజే తెలుసు, అయినా పోలేదు. చివరికి ఒంటరిగా వెళ్ళి అర్థమంతా విడమరచి చెప్పాను. ఆంటీ మిషను ఆపేసింది.

"కిందటి నెల పోయినాది అవ్వ. సావుకీ పోలేదు నేను" అంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నీకెలా తెలిసినాది ఇది?" అని అడిగింది.

"అమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నానాంటీ."

"నా కోసం మీయమ్మను అడిగినావా! సల్లగుండు నాయనా" అంటూ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తియ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.