చెరువుగట్ల మీద వదిన గొంతు

పోయిన నెలలో ఒక ఉదయం, తాడేపల్లిగూడెంలో బస్సు కోసం నిలబడి ఉంటే అన్నయ్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అన్నయ్య తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు. ఎప్పుడైనా వదినే చేసి, నాతో తనివితీరా మాట్లాడి, చివర్లో "ఇదిగో, మీ అన్నయ్యగారు కూడా ఉన్నారు" అని ఆయన చేతికి ఇచ్చేది. అలాంటిది తిన్నగా అన్నయ్య గొంతే వినబడింది. "మీ వదిన లేదమ్మా. తెల్లారగట్ల గుండె ఆగిపోయింది" అన్నాడు. ఏలూరు బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఆవిడ నాకు వదిన కాకముందు స్నేహితురాలు. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. తనది తాడేపల్లిగూడెం. మాది ఆకివీడు దాటాక పడవెక్కాల్సిన కొల్లేటి లంక. సెలవు మీద వచ్చిన మా అన్నయ్య నన్ను తీసుకెళ్ళడానికని కాలేజీకి వచ్చాడు. సైన్యంలో పనిచేసే మనిషి, పక్కనున్న పిల్లతో ఒక్క ముక్క మాట్లాడలేక, "చెల్లాయ్, చెరుకురసం తాగుతావా" అని నన్నే మళ్ళీ మళ్ళీ అడిగాడు. నా కడుపు చెరువైపోయింది గానీ ఆ పిల్ల మాత్రం నవ్వింది. అలా కుదిరింది వాళ్ళ సంబంధం.

నాకూ ఒకడున్నాడు. మా మేనత్త కొడుకు, బావ. అన్నయ్యతో కలిసే సైన్యంలో చేరాడు. మా పెళ్ళి సంగతి పెద్దవాళ్ళెవరూ పైకి అనలేదు, తాంబూలాలూ పుచ్చుకోలేదు. తను సెలవుకి వచ్చినప్పుడు నా జడలో పూలు ఎక్కువయ్యేవి, అంతే.

అన్నయ్యకీ వదినకీ తాంబూలాలు అయిన కొన్నాళ్ళకే కార్గిల్ యుద్ధం మొదలైంది. లంకలో ఫోన్ లేదు. ఆకివీడులో ఒక చేపల వ్యాపారి కొట్లో టీవీ ఉండేది. వదిన గూడెం నుంచి బస్సులు మారి వచ్చేది, నేను పడవలో వచ్చేదాన్ని. ఐసు పెట్టెల మధ్య నిలబడి వార్తలు చూసేవాళ్ళం. పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు వదిన నా చెయ్యి పట్టుకునేది. ఇద్దరిలో ఎవరి పేరు వస్తుందో తెలియదు. వార్తలయ్యాక చూసుకుంటే నా చేతి మీద తన గోళ్ళ గుర్తులుండేవి, తన చేతి మీద నావి.

వచ్చింది బావ పేరు.

బావ శవపెట్టెను పడవ మీద లంకకి తెచ్చారు. మా అత్త, ఆవిడ తోడికోడళ్ళు, ఊరి ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. నేను ఎవర్నని ముందుకు వెళ్ళను? మరదళ్ళు చాలామంది ఉంటారు. గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వదిన వచ్చింది. ఇంకా మా ఇంటి కోడలు కూడా కాలేదు. గూడెం వాళ్ళ మెత్తటి మాట తనది, అదే గొంతుతో, "ఏవండీ, కాస్త జరుగుతారా. ఈ పిల్లని చూసుకోనివ్వండి" అంది. అందరూ జరిగారు. నన్ను బావ తల దగ్గర కూర్చోబెట్టి, నా వెనకే కూర్చుంది. నాకు ఆ రోజు ఏడవడానికి చోటిచ్చిన మనిషి ఆవిడ. ఆ రుణం తీరేది కాదు.

వానలు పడ్డాక అన్నయ్య భుజానికి కట్టుతో ఇంటికి వచ్చాడు. భుజం మానుతోంది గానీ మనిషి మామూలుగా లేడు.

మా వైపు చేపల చెరువుల మీద నీటికాకులు వాలి చేపపిల్లల్ని మింగేస్తాయి. కాపలావాళ్ళు తెల్లవారుతూనే టపాకాయలు పేల్చి వాటిని లేపుతారు. మాకది కోడికూత లాంటిది, దానికి ఎవరూ నిద్రలేవరు కూడా. అన్నయ్య వచ్చిన మర్నాడు పొద్దున మొదటి టపాకాయ పేలింది. నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. అన్నయ్య అరుగు మీద నుంచి దూకి, నన్ను బురదలోకి తోసి, నా తల మీద పడుకుని, "తల దించరా, తల దించరా" అని అరిచాడు. బావ పోయింది అన్నయ్య పక్కనే. ఆ "రా" ఎవరికో నాకు తెలుసు. చెరువుల మీద ఇంకా పేలుతూనే ఉన్నాయి. ప్రతి చప్పుడుకీ నా తలని మరింత నేలకి నొక్కుతున్నాడు.

ఊళ్ళో మాట పుట్టింది, అబ్బాయికి మతి చెడిందని. అది గూడెం దాకా వెళ్ళింది. వాళ్ళ నాన్నగారు సంబంధం మానుకుందామన్నారు. వదిన ఆయనకి చెప్పకుండా బస్సెక్కి వచ్చేసింది. ఒక పొద్దున అన్నయ్య పక్కన కూర్చుని అంతా చూసింది. చూసి, "పడవ తియ్యవే" అంది నాతో.

టపాకాయలు పేల్చొద్దని అడుగుతూ చెరువు చెరువుకీ తిరిగాం. అందరిదీ ఒకే ప్రశ్న. "చేపపిల్ల పోతే ఎవరిస్తారమ్మా?"

"పోనివ్వమండీ. మీరు పేల్చకండి. కొంగల్నీ కాకుల్నీ మేం లేపుతాం" అంది వదిన.

ఎవరూ నమ్మలేదు గానీ, సైనికుడి ఇల్లని ఒప్పుకున్నారు. అప్పట్నుంచి తెల్లవారితే మా ఇంట్లోనే ఉండిపోయిన వదిన, నేను, ఊళ్ళో మా ఈడు ఆడపిల్లలు గట్ల మీద నిలబడి, పాత చీరలు ఊపుతూ "హోయ్, హోయ్" అని కేకలు. గూడెంలో బస్సు ఆపమని కూడా గట్టిగా అనలేని పిల్ల, కొల్లేరంతా వినబడేలా అరిచేది. వారం తిరక్కుండా గొంతు బొంగురుపోయింది. అది మళ్ళీ బాగుపడలేదు. తర్వాత జీవితమంతా అదే గొంతుతో బడిలో పాఠాలు చెప్పింది.

అన్నయ్య కాస్త తేరుకున్నాడని ఒకరోజు దోనె మీద తీసుకెళ్ళాం. అవతలి చెరువుకి కొత్త కాపలావాడు వచ్చాడని మాకు తెలియదు, మా ఏర్పాటు అతనికి తెలియదు. పేల్చాడు. అన్నయ్య వదిన మీద పడ్డాడు, దోనె తిరగబడింది. నీళ్ళు గుండెలోతే. కానీ అన్నయ్య వదిన తలని నీళ్ళలోకి నొక్కి పట్టుకుని పైన తను అడ్డం నిలబడ్డాడు. "తల ఎత్తకు, తల ఎత్తకు" అంటున్నాడు. నేను ఆయన చేతులు లాగాను, రాలేదు. కొరికాను, రాలేదు. రెండోది పేలలేదు కాబట్టి పట్టు సడలింది. వదిన పైకి వచ్చి, దగ్గి, నీళ్ళు కక్కి, ఆయన మొహం రెండు చేతులతో పట్టుకుని, "ఏవండీ, నేనండీ. ఇది కొల్లేరండీ" అంది. అదే మాట ఆయన చూపు మళ్ళీ మామూలయ్యేదాకా అంటూనే ఉంది.

ఈ సంగతి కూడా గూడెం చేరింది. వాళ్ళ నాన్నగారు వచ్చారు. మా అరుగు మీద కూర్చుని, "అబ్బాయి మంచివాడు కాదనట్లేదమ్మా. నీ ప్రాణం మాటేంటి?" అన్నారు.

"ఆయన నన్ను ముంచలేదు నాన్నగారూ. దాచారు. పక్కనున్నవాణ్ణి దాచుకోలేకపోయారు, నన్ను దాచారు" అంది వదిన. ఆ మాటకి లోపల గదిలో ఉన్న నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. "ఏలూరులో డాక్టరుగారికి చూపిస్తాను. డాక్టరుగారు సరే అన్నాకే పెళ్ళి. చేసుకునేది మాత్రం ఈయన్నే" అని కూడా అంది.

అన్నట్టే చేసింది. ఏలూరు ఆసుపత్రి బెంచీల మీద వాళ్ళ పెళ్ళికి ముందు కాలమంతా గడిచింది. మందులు వేసుకోనంటే, "నేను కొల్లేరు నీళ్ళు తాగాను, మీరు ఈ మాత్ర మింగలేరా" అనేది. పెళ్ళి బాజా లేకుండా, టపాకాయ లేకుండా జరిగింది. తర్వాత ఏలూరు పక్కన వట్లూరులో ఇల్లు తీసుకున్నారు.

ఆవిడ దేవత అని నేననను. చేపల పులుసులో బెల్లం వేసేది. కొల్లేటి వాళ్ళకి అది నేరం. ఎంత మొత్తుకున్నా మానలేదు. భయపడే పిల్లల్ని "భయపడకు" అని గదమాయిస్తే మాత్రం ఊరుకునేది కాదు. "అలా అనకే. పక్కన కూర్చో, చాలు" అనేది. నేను పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయినా, ఎందుకని ఒక్కనాడూ అడగని మనిషి ఆవిడే.

ఆవిడ పోయిన రోజు వట్లూరులో జనం బాగా వచ్చారు. నిప్పుకుండ అన్నయ్యే పట్టాడు. మా ఆడవాళ్ళం దింపుడు కళ్ళం దాకా వెళ్ళాం. అక్కడ పాడెను దించి, పోయినవాళ్ళని చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఉంటే పలుకుతారన్న ఆశతో. ఆవిడ దగ్గర చదువుకున్న కుర్రాళ్ళు, టీచరుగారిని ఘనంగా సాగనంపాలని బాణసంచా తెచ్చారు. వాళ్ళకేం తెలుసు పాపం. నేను చూసి చెయ్యెత్తేలోపే అంటించేశారు.

పాడె నేల మీద ఉంది. పిలవడానికని వంగిన అన్నయ్య ఆ చప్పుడుకి పారిపోలేదు, అరవలేదు. నిప్పుకుండ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి, వదిన తల మీదకి వంగి, పసుపు రాసిన ఆ మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పొగంతా చెదిరిపోయినా ఆ చేతులు తియ్యలేదు.