నాలుగు చరణాల పప్పు

జకర్యా మామ పాట లేకుండా పొయ్యి మీద గిన్నె పెట్టనిచ్చేవాడు కాదు. గుడ్డు ఉడకడానికి రెండు చరణాలు, అన్నానికి మూడు, పప్పుకు నాలుగు. రాగాలు మా గుడి కీర్తనలవి, మాటలు మాత్రం ఆయన సొంతం. "దేవునికి రాగం, పొయ్యికి మాటలు. ఇద్దరికీ తక్లీఫ్ లేదు" అనేవాడు. ఇక ఆ గొంతు సంగతి అడక్కండి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సుత్తి దెబ్బల మధ్య ఏళ్ల తరబడి అరిచి అరిచి తయారైన గొంతు అది.

పోలీసు యాక్షన్ ముగిసి జనం ఊపిరి పీల్చుకున్న కొత్తలో, మిషన్ బడి హెడ్మిస్ట్రెస్ మేబెల్ టీచరమ్మ శనివారాలు గుడి వెనక రేకుల షెడ్డులో చిన్నపిల్లలకు వంట క్లాసు మొదలుపెట్టింది. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లే పని మామ తన నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ వెయ్యలేదు, ఆయనే వేసుకున్నాడు. రైల్వే క్వార్టర్ల ముందు నిలబడి ఒక్క కేక పెడితే చాలు, గరిటెలు పట్టుకుని బిలబిలమంటూ బయటపడేవాళ్లం. ముందు మామ, వెనక మేము. పెద్ద వంటవాళ్లు దొరక్క ఎవరో పెళ్లివారు మమ్మల్ని పట్టుకుపోతున్నారని దారిన పోయేవాళ్లు అనుకునేవారు.

టీచరమ్మది గుంటూరు వైపు. చేతికి గడియారం, మాటకు కొలత.

"జకర్యాగారూ, గడియారం చూసి వండుకుంటే పోదా? ఈ పాటలెందుకండీ?"

"పోరగాండ్లకు గడియారం సూడరాదు టీచరమ్మా. పాటైతే వస్తది."

"మరి మీరు చరణానికీ చరణానికీ మధ్య దగ్గుతారు కదా! ఆ దగ్గు ఎవరి లెక్కలోకి పోతుంది?"

"దగ్గితే పప్పు ఇంకా జెర మెత్తగైతది!"

పప్పు పాటలో మొదటి మూడు చరణాలు అందరం కలిసి పాడాలి. నాలుగోది మాత్రం గరిటె పట్టినవాళ్లే పాడాలి. అందులో వాళ్ల పేరు రావాలి. నా వంతు వచ్చినప్పుడు నేను వీధి చివరిదాకా వినపడేట్టు పాడేదాన్ని:

"పప్పు మెత్తగయ్యెనమ్మా, పులుసు పోసే వేళాయె,
గరిటె పట్టిన చెయ్యెవరిదమ్మా? ఆలీసుదే, ఆలీసుదే!"

ఒక ఆదివారం పాస్టరుగారు గుడిలో సరిగ్గా అదే రాగం ఎత్తుకున్నారు. పెద్దలంతా కీర్తన పాడుతుంటే, ముందు చాప మీద కూర్చున్న మేము కళ్లు మూసుకుని మహా భక్తిగా పప్పులో పులుసు పోశాం. పాస్టరుగారు పాట ఆపి మా వైపు చూశారు. వెనక బెంచీ నుంచి జకర్యా మామ "ఆమేన్" అన్నాడు.

గుడి మెట్ల మీదే టీచరమ్మ ఆయన్ని పట్టుకుంది. "ఇదేనా అండీ మీరు నేర్పేది?"

"రాగం తప్పలే గద టీచరమ్మా!"

మాతో సుమిత్ర అనే పిల్ల వచ్చేది. కాలనీలో చల్ల అమ్మే లచ్చమ్మవ్వకు మనవరాలు. రజాకార్లు వాళ్ల ఊరి మీద పడిన రోజు జొన్నచేలో దాక్కుని బతికింది. అప్పటినుంచి ఏ మాటైనా మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. పేరడిగితే "సు... సు..." అని, కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని తలొంచుకునేది.

లచ్చమ్మవ్వ ఆమెను బడిలో చేర్చుకోమని టీచరమ్మను అడిగింది. "పేరైనా చెప్పలేని పిల్లకు పాఠం ఎలా చెప్పను లచ్చమ్మా? తక్కిన పిల్లలు నవ్వితే ఇంకా ముడుచుకుపోతుంది" అంది టీచరమ్మ, నొచ్చుకుంటూనే. "క్రిస్మస్ దాకా చూద్దాం. తన పేరు తను చెబితే ఆ రోజే చేర్చుకుంటాను."

"గంతేనా అమ్మా? సెప్తది" అని వచ్చేసి, అవ్వ మా గడపలో కూలబడి ఏడ్చింది.

మామ మాత్రం సుమిత్రను ఒక్కనాడూ పాడమనలేదు. ఆమె చేతికి గరిటె వచ్చిన శనివారం నాలుగో చరణం తనే అందుకుని, ఆ పిల్ల పేరు పెట్టి రేకులు అదిరేలా పాడేసేవాడు. సుమిత్ర పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదిలేవి.

క్రిస్మస్ వచ్చింది. ఆ రోజు గుడి ఆవరణలో ప్రేమవిందు, అంటే సంఘమంతా పంక్తిలో కూర్చుని కలిసి తినడం. పప్పు మా పిల్లలదేనని టీచరమ్మ తెగించి మాటిచ్చేసింది. తీరా చూస్తే మామ మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. గొంతు పట్టుకుని, గాలిలో చెయ్యి తిప్పి, పోయిందని సైగ చేశాడు. గరిటె సుమిత్ర చేతిలో పెట్టి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో మూడు చరణాలు లాగించి ఆగిపోయాం. గుండిగలో పప్పు కుతకుతలాడుతోంది. "పులుసు పోయండర్రా, మాడిపోతుంది!" అని టీచరమ్మ గడియారం చూపిస్తోంది. ఒక్కరం కదిలితే ఒట్టు. నాలుగో చరణం లేకుండా పులుసు పోయడం మా ఇంటావంటా లేదు. ఉండబట్టలేక నేను నోరు తెరిచాను. మామ నా వైపు ఒక చూపు చూశాడు. టక్కున మూసేశాను.

సుమిత్ర గుండిగలోకి చూసింది. అడుగంటిన వాసన మొదలైంది. ఆ పిల్ల గరిటె గట్టిగా పట్టుకుని గొంతెత్తింది.

"పప్పు మెత్తగయ్యెనమ్మా, పులుసు పోసే వేళాయె,
గరిటె పట్టిన చెయ్యెవరిదమ్మా? సుమిత్రదే, సుమిత్రదే!"

ఒక్క అక్షరం తడబడలేదు! మేము ఎగిరి గంతేశాం. ఎవరు పోశారో ఏమో, పులుసు గుండిగలో పడింది. "నా తల్లే! నా బంగారమే!" అంటూ లచ్చమ్మవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి మనవరాలిని వాటేసుకుంది.

"చెప్పింది! తన పేరు తను చెప్పింది!" అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

"పాడింది కదమ్మా, చెప్పలేదు కదా" అన్నారు పాస్టరుగారు, పప్పు పాట మీద కోపం ఇంకా తీరక.

"మా బడిలో పాడినా చెల్లుతుందండీ! సెలవులయ్యాక హాజరు కూడా పాడే పిలుస్తాను!"

పప్పు కాస్త మాడింది. అయినా పాస్టరుగారు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు.

విందు అయ్యాక టీచరమ్మ లోటా నిండా మిరియాల కషాయం కాచి, మామ భార్య ప్రేమమణి అత్తకు తెచ్చి ఇవ్వబోయింది. "పాపం, జకర్యాగారి గొంతు..."

"గొంతుకేమైంది టీచరమ్మా?" అని అత్త నోరు తెరిచింది. "తెల్లారంగనే పాడి పాడి మా కోళ్లను సుత పరేషాన్ జేసిండు. ఈడికొచ్చినంకనే మూగోడైండు. పెండ్లయినంక గీయన నోరు మూసుకునుడు నేను జూసింది ఇయ్యాల్నే!"

అందరం షెడ్డు వెనక్కి పరిగెత్తాం. మామ మఫ్లర్ నడుముకు బిగించుకుని, గుండిగ తోముతూ, గొంతు చించుకుని పాడుతున్నాడు. మమ్మల్ని చూసి గబుక్కున మెడ పట్టుకుని దగ్గాడు.

టీచరమ్మ కళ్లొత్తుకుని, లోటా ఆయన చేతికిచ్చి, ఆ ఘాటు కషాయం చుక్క మిగలకుండా తాగేదాకా ఎదురుగా నిలబడింది.